తెల్ల సేమ్యా

హలో… ఆఁ, నేనేనండీ.

—

అయింది. ఇంట్లో కాదు, బయట తిన్నాం… మన పై గది సైదులు వాళ్లమ్మ వస్తారని చెప్పాను కదా. ఆవిడా, నేనూ.

—

ఒక్కరే వచ్చారు. పేరు రాములమ్మ. నకిరేకల్‌లో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగారు, నేనే ఎదురెళ్లి తీసుకొచ్చాను. నా ఈడే ఉంటారు. కానీ పిల్లాడు పోయిన ఈ నెల రోజుల్లో… మనిషి చిక్కి సగమయ్యారు.

—

పైన ఉన్నారు. గదిలో వాడి బట్టలు సర్దుకుంటున్నారు. నేను కింద మెట్ల దగ్గర నిలబడ్డాను… వినపడదులెండి.

—

హోటల్‌కి ఆవిడే వెళ్దామన్నారు. నేను వంట చేసి పెట్టాను, ఆవిడ తినడానికి కూర్చోలేదు. "మావోడు ఐతారం ఐతారం తెల్ల సేమ్యా తింటున్ననే అని ఫోన్ల చెప్పేటోడమ్మా. నువ్వొస్తే తినిపిస్త అనేటోడు. గా హోటల్ యాడుంది?" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. కొత్తపేటలో కళ్లద్దాల షాపు పైన, వియత్నాం నూడుల్స్ అని కొత్తగా పెట్టారు చూడండీ… అదే. ఆదివారం మెస్సు మూసేస్తారుగా, అక్కడికి పోయేవాడు.

—

బాగానే ఉంది. ఇంతేసి గిన్నె నిండా పొగలు కక్కే పల్చటి చారు, అందులో బియ్యప్పిండి సేమ్యా, నాలుగు కోడిముక్కలు. పక్కన పళ్లెంలో పుదీనా, పెసర మొలకలు, నిమ్మచెక్క. తినడానికి రెండు పుల్లలు… ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి పండ్ల సందుల కుట్టుకునేటియా?" అన్నారు.

—

నవ్వొచ్చేసింది నాకు. ఆవిడా నవ్వారు. నిజమండీ… కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పుల్లలు పక్కన పడేసి చెంచాలు తెప్పించుకున్నాం. సేమ్యా జారిపోతుంటే ఆవిడ ఇక లాభం లేదని చెయ్యే పెట్టేశారు. పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కున్నారు. "ఉప్పూ లేదు కారం లేదు గని, పానం నిమ్మళమైందమ్మా" అన్నారు. ఓ పది నిమిషాలు… ఎందుకొచ్చామో ఇద్దరం మర్చిపోయినట్టే ఉన్నాం.

—

వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను. గిన్నె సగమయ్యాక ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. "రెండేండ్లు నా కొడుకును నీ కొడుకు లెక్క సూసుకున్నవ్" అన్నారు.

—

…ఆ మాట నేనెలా భరించనండీ?

—

చెప్పేశాను.

—

ఏం చెప్పానంటారేంటి. ఉన్నది చెప్పాను. మీ అబ్బాయి పండక్కని బయల్దేరలేదమ్మా, దసరా లోపు గది ఖాళీ చెయ్యమన్నాం, అందుకే పుస్తకాలు ఊళ్లో పెట్టొద్దామని బయల్దేరాడు అని. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి కాబట్టే స్నేహితుడి బండి ఎక్కాడని. ఇంకో నెల ఉండనిచ్చి ఉంటే బస్సులోనే పోయేవాడని…

—

కారణం కూడా చెప్పాను. మా నీళ్ల ట్యాంకుకి జై తెలంగాణ జెండా కట్టాడు, అదే వాడు చేసిన తప్పు అన్నాను.

—

పక్కింటి గంగాధరరావుగారి మాట చెప్పలేదు. చెప్పి ఏం లాభం? "ఇల్లు నీది, జెండా వాళ్లదా" అని ఆయన నవ్వితే మీకు రోషం వచ్చింది. ఖాళీ చేయించమని మీరు నాతో అన్నారు, నేను వాడితో అన్నాను. తప్పు మనిద్దరిదీ అనే చెప్పాను. మీ ఒక్కరి మీదే వెయ్యలేదు.

—

అరవలేదు. తిట్టినా బాగుండేది. గిన్నెలోకే చూస్తూ, "ఎరుకేనమ్మా" అన్నారు. "పండుగకొచ్చెటోడు రెండు సంచుల పుస్తకాలు తెస్తడా?"

—

మొదట్నుంచీ తెలుసట. బండి నడిపిన ఆ స్నేహితుడు, తిరుపతి చెప్పాడట, కాలు విరిగి దవాఖానాలో ఉన్నప్పుడే. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక లారీ తగిలిందన్నారే, అప్పుడు రోడ్డంతా పుస్తకాలేనట. ఆ పిల్లాడే చెప్పాడట.

—

నేనూ అదే అడిగాను. తెలిసి కూడా మా ఇంటికి ఎలా రాగలిగారమ్మా అని. బట్టలకైతే ఎవర్నైనా పంపించొచ్చుగా అని.

—

ఒక్క మాట అడగడానికి వచ్చారటండీ. "ఆ పొద్దు తిని బయలెల్లిండా నా కొడుకు?" అన్నారు.

—

ఆ రోజు ఉప్మా చేశాను, మీకు గుర్తుందో లేదో. మీరు పేపరు చదువుతూ తిన్నారు. వాడు సంచులు మోసుకుంటూ మూడుసార్లు మెట్లు దిగాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చివర్లో కిటికీ దగ్గరికొచ్చి, "పోయొస్త సూర్యప్రభాంటీ" అన్నాడు. నేను కుళాయి తిప్పాను, వినపడనట్టు. తిన్నావా అని అడగలేదండీ. రెండేళ్లలో ఆ ఒక్కరోజే అడగలేదు.

—

తిన్నాడని చెప్పాను. ఉప్మా పెట్టానని, ఇంకొంచెం అని అడిగి మరీ వేయించుకున్నాడని.

—

అవును, అబద్ధమే. పాపమైతే నాకే రానివ్వండి. ఆవిడ తలూపారు. మిగిలిందంతా మెల్లగా తిన్నారు, గిన్నె ఎత్తి అడుగున చారు కూడా తాగారు. నా గిన్నె అలాగే ఉండిపోయింది.

—

ఇదంతా ఇప్పుడెందుకంటే… మీతో ఓ మాట అనాలి. తెనాలిలో మీకు పనేం లేదని నాకు తెలుసు. ఆవిడ వస్తున్నారనే వెళ్లారు. నేనేం అనట్లేదు. నాకూ పారిపోవాలనే అనిపించింది, పొద్దున్న ఎల్బీనగర్‌లో బస్సులోంచి ఆవిడ దిగుతుంటే.

—

ఆవిడ మెట్లు దిగుతున్నారు… ఏమండీ, ఒక్క మాట మాట్లాడండి ఆవిడతో.

—

క్షమించమని అడగక్కర్లేదు. బాగున్నారా అనండి. ఏదో ఒకటి. ఇప్పుడు పోతే మళ్లీ రారు… మీ గొంతు వినిపించండి, చాలు.

—

ఇస్తున్నాను.

రాములమ్మగారూ, మెల్లగా… ఆ సంచి ఇటివ్వండి. మా ఆయనండీ, చక్రపాణిగారు. లైన్లో ఉన్నారు. మాట్లాడండి.

…

ఏమీ వినపడట్లేదా? ఏదీ, ఇలా ఇవ్వండి.

హలో… ఏమండీ… హలో.

—

లైను కట్టయింది, రాములమ్మగారూ.

…కాదమ్మా. ఆయనే పెట్టేశారు.