గట్టి దారం

చివరి కుట్టు వేసి, క్రోషియా గౌనును కోడలు పాపకు తొడగబోయింది. తల దూరలేదు. అత్తగారు కొస దారం పట్టుకుని లాగారు.

“అయ్యో అత్తయ్యా! మొత్తం ఊడిపోతోంది!”

“ఊడనీ. మెడ బిగిసింది. కాస్త వదులుగా మళ్ళీ మొదలుపెట్టు.”

“సోమవారం నుంచి బడికి వస్తానని చెప్పేశాను.”

“తల్లి చేతి గౌను తొడిగాకే ఉద్యోగానికి గడప దాటతానన్నావుగా?”

“అన్నాను. అప్పటికి దీనికి మెడ కూడా నిలవలేదు. ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది! నేను అల్లడం, మీరు విప్పడం... బూడిదలో పోసిన పన్నీరే కదా. ఇన్నిసార్లు లాగితే దారమైనా తెగదూ?”

“తెగదు. గట్టి దారం.”

“మీరూ వదిన పుట్టినప్పుడు అల్లారా?”

“అల్లకేం? మా అత్తగారు మహా నిక్కచ్చి. ఒక్క కుట్టు వంకరపోయినా విప్పించేవారు.”

“మరి తరవాత మళ్ళీ మీ టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళారా?”

అత్తగారు ఊడిన దారాన్ని ఉండ చుడుతున్నారు.

“పోనీ, వదిన గౌను ఒకసారి చూపించండి. మెడ కొలత పట్టుకుంటాను.”

అత్తగారు దారపు ఉండను కోడలి ఒళ్ళో పెట్టారు.

“ఇదేనమ్మా ఆ గౌను.”