గోడకు పట్టిన చెమట

(పడకగది. బీరువాను పక్కకు జరిపి పెయింటరు గోడ గీకుతున్నాడు. ఇంటి కోడలు, అత్తగారు దగ్గరే నిలబడి ఉన్నారు.)

“ఇంకెంతసేపు గీకుతావన్నా? రంగు వేసెయ్. సాయంత్రానికి మా ఆయన పిల్లని ఆసుపత్రి నుంచి తెచ్చేస్తున్నారు.”

“వేయనమ్మా.”

“వేయవా? పోయిన ఏడాది వేసింది నువ్వేగా!”

“నేనే. పైపైన కొట్టెయ్యమన్నాడు ఇంటి ఓనరు, కొట్టేశాను. పైన పటారం, లోన లొటారం. మళ్ళీ నల్లగా పైకొచ్చింది కదా. ఇదిగో, వేలు పెట్టి చూడండి, ఎంత తడో.”

“నేను పెట్టను. పిల్ల మంచం పక్కనే... ఇంట్లో చెమ్మకి గోడల మీద బూజుందా అని అడిగాడన్నా డాక్టరు. ఉందన్నాను. ఇంకోసారి ఊపిరి ఇలా బిగుసుకుంటే మా చేతుల్లో ఉండదన్నాడు. మూడేళ్ళ పిల్లన్నా!”

“పైవాళ్ళ బాత్రూమ్ కారుతోందేమో చూడు నాయనా.”

“కారితే పైనుంచి దిగాలి పెద్దమ్మా. ఇది మూలల్లో, బీరువా వెనకే పట్టింది. గోడకి చెమట. గదిలో తడి గాలంతా వచ్చి చల్లటి గోడ మీద కూర్చుంటుంది. ఇక్కడ తడిబట్టలు ఆరేస్తారా?”

“లేదు, లేదన్నా. ఆవిరి గిన్నె పెడతాం అంతే. పిల్లకి దగ్గు కదా.”

“రోజుకి ఎన్నిసార్లు?”

“పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. దగ్గు పెరిగితే... ఇంకోసారి.”

“పెరిగిందా?”

“పెరిగింది. మేమూ పెంచాం.”

“అదేనమ్మా! మరి ఆ ఆవిరి బయటికెలా పోతుంది? కిటికీ తీస్తారా?”

“తీస్తాం నాయనా. అప్పుడప్పుడు.”

“ఎప్పుడు తీశారత్తయ్యా? నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎప్పుడూ మూసే ఉంటుంది.”

“తీస్తాం అంటున్నానుగా!”

“మరి రెక్కల చుట్టూ ఈ టేపేంటి పెద్దమ్మా? పైన వెంటిలేటర్లో కూడా ఏదో కుక్కుంది. ఆ స్టూలు ఇటివ్వండమ్మా... ఇదిగో. పాత చీర. పిండితే గ్లాసుడు నీళ్ళొచ్చేలా ఉంది.”

“అత్తయ్యా. అది మీ చీర.”

“నాదే.”

“గాలి ఆడనివ్వండి, గాలి ఆడనివ్వండి అని ఎన్నిసార్లు చెప్పాను? నా పిల్ల పెదాలు నీలంగా మారిపోయాయి! కంటికి రెప్పలా చూసుకుంటానన్నారే!”

“చూసుకోబట్టే కదా మూశాను!”

“మీరిద్దరూ కాస్త ఆగండి. పిల్లని ఇవాళ ఈ గదిలోకి తేవద్దు, హాల్లో పడుకోబెట్టండి. ఆ ఆవిరి గిన్నె సంగతి డాక్టరునే అడగండి. ముందు ఈ టేపు పీకేస్తాను.”

“వద్దు! పీకకు! నీ కాళ్ళు పట్టుకుంటాను నాయనా, ఆ కిటికీ తీయకు.”

“ఏంటత్తయ్యా ఇది? కిటికీకి అలా అడ్డం నిలబడ్డారేంటి?”

“గాలి తగిలితే ఏమవుతుందో నీకేం తెలుసు? మీ ఆయన కంటే ముందు నాకో ఆడపిల్ల.”

“తెలుసు. జ్వరంతో పోయిందన్నారు.”

“జ్వరం కాదు. దగ్గు. ఇదే దగ్గు. మీ మామగారు ఒక్క రాత్రి కిటికీ తీసి పడుకున్నారు. తెల్లారేసరికి లేదు. గాలి పెట్టి నా బిడ్డని చంపావని ఆయన పోయేదాకా తిట్టాను. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు మనిషి.”

“మామయ్యగారు... ఎందుకు తీశారు?”

“గదంతా చెమ్మ కంపు కొడుతోందే, పిల్లకి ఊపిరి ఆడట్లేదే, కాస్త తీద్దామే అన్నారు.”

“పెద్దమ్మా, మీరు కూర్చోండి. ఎప్పటి మాటో అది. ఎందుకు పోయిందో ఇప్పుడెవరు చెప్పగలరు?”

“ఆ గోడా ఇలాగే ఉండేది నాయనా. ఇంత నల్లగానే. బట్ట పెట్టి తుడిచేదాన్ని, మళ్ళీ వచ్చేది.”

“అత్తయ్యా, వద్దు. ఇంక ఊరుకోండి.”

“ఆయన తీసింది ఒక్క రాత్రేనే. అంతకుముందు నాలుగు నెలలూ మూసిపెట్టింది నేను.”