అంటించిన కవరు మీద నా సంతకం

నా పేరు తుమ్మల కనకదుర్గ. వయసు యాభై ఏడు సంవత్సరాలు. భర్త పేరు వెంకటసుబ్బారావు. పుట్టింది గుంటూరులో. ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. లండన్‌లోని హౌన్స్‌లో వెస్ట్ అనే స్టేషనుకు ఏడు నిమిషాల నడకలో మా ఇల్లు. నా వృత్తి చీరలు కట్టడం. పెళ్ళికూతుళ్ళకు కడతాను, ఫ్యాషన్ షోలలో మోడళ్ళకు కడతాను. నేను కట్టుకోవడం కాదు, వాళ్ళకు కట్టడం. ఆఫీసరు గారు ఈ సంగతి రెండుసార్లు అడిగారు కాబట్టి రెండుసార్లు చెప్పాను.

ఈ రోజు 2025 నవంబరు 13, గురువారం. ఉదయం 10.20కి పోలీసు స్టేషను మొదటి అంతస్తు గదిలో మొదలుపెట్టాం. నేను చెప్పింది చెప్పినట్టు దుబాసీ నిర్మలాదేవి గారు తెలుగులో రాస్తున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా తెలుగులోనే చెప్తానని నేనే అడిగాను. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళకు ఏది నచ్చుతుందో అది చెప్పడం నాకు అలవాటైపోయింది.

సాకేత్ మీద నడుస్తున్న కేసులో అతని గురించి చెప్పమని నన్ను పిలిచారు. సాకేత్ లండన్‌లో మోడళ్ళ ఏజెన్సీ నడుపుతాడు. అమెరికా వెళ్ళే మోడళ్ళకు వీసా ఫైళ్ళు కూడా తయారుచేస్తాడు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళకు అమెరికావాళ్ళు ఇచ్చే వర్క్ వీసా అది. ఆ ప్రతిభ ఉన్నదని ఆ రంగంలో పేరున్నవాళ్ళు ఉత్తరాలు రాయాలి. మధులిక ఫైలులో ఆరు ఉత్తరాలున్నాయి. అందులో మూడోది నాది. అందులో ఉన్నది అబద్ధం. ఆ అబద్ధం మధులికదేనని రాసి ఆమెకు వీసా నిరాకరించారు. అది ఆమెది కాదని చెప్పడానికి వచ్చాను. నా సంగతి తర్వాత మీ ఇష్టం.

మధులికకు ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళది కరీంనగర్. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చేసింది. మనిషి అయిదడుగుల పదకొండంగుళాలు. 2024 ఫిబ్రవరిలో మా ఇంట్లో పై గది అద్దెకు తీసుకుంది. మా వంటింటి తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చేది. రెండో వారానికే నా చేతి పప్పుచారు అలవాటు చేసుకుంది. ఆమె మా పిల్ల కాదు. కానీ ఎవరైనా అడిగితే మా పిల్లే అనేదాన్ని.

2024 నవంబరు 16, శనివారం, ఎడిన్‌బర్గ్‌లో చేనేత చీరల షో జరిగింది. తొమ్మిది మంది మోడళ్ళకు నేను చీరలు కట్టాను. ఒకమ్మాయికి జ్వరం వస్తే, రెండు రోజుల ముందు ఆమె బదులు మధులికను పిలిపించారు. నేనే ఆమె పేరు చెప్పాను. ఆమె ప్రధాన మోడల్ కాదు. వరుసలో ఆరో మనిషి. ఒక్కసారే నడిచింది.

ఆమెకు కట్టింది గద్వాల చీర. గద్వాల చీరకు నేను పద్నాలుగు పిన్నులు పెడతాను. ఎప్పుడూ పద్నాలుగే. ఆ రోజు ఏడో అమ్మాయి పక్క నుంచి తొందరపెడుతుంటే నడుము దగ్గర పెట్టాల్సిన పిన్ను మరిచిపోయాను. పదమూడే పెట్టాను. మధులిక స్టేజీ మీద నాలుగడుగులు వేసిందో లేదో, కుచ్చిళ్ళు జారడం మొదలైంది. నేను కర్టెను పక్క నుంచి చూస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల కంగారు పడలేదు. ఎడమ చెయ్యి నడుము మీద వేసి కుచ్చిళ్ళు ఒడిసిపట్టింది. నడక సగానికి తగ్గించింది. అలా ఆగి ఆగి చివరిదాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ అంతే తీరిగ్గా వచ్చింది. చీర కడితే ఇలాగే నడవాలి కాబోలు అన్నట్టు హాల్లో జనమంతా చూశారు. తర్వాత వచ్చిన ముగ్గురూ ఎవరూ చెప్పకుండానే నడక తగ్గించారు. లోపలికి వచ్చి చెయ్యి తియ్యగానే కుచ్చిళ్ళన్నీ కింద పడ్డాయి.

డిజైనరు పరిగెత్తుకొచ్చి ఆ నడక ఎవరు నేర్పారని అడిగింది. మధులిక నా వైపు చూపించి, ఆంటీయే అలా నడవమని చెప్పిందని ఇంగ్లీషులో చెప్పింది. ఆ డిజైనరు నన్ను కావలించుకుంది. నేను కావలించుకోనిచ్చాను. ఆ షో వల్ల నాకు మరో నాలుగు షోలు వచ్చాయి.

2025 జనవరిలో న్యూయార్క్ ఏజెన్సీ ఒకటి మధులికను తీసుకుంటామంది. ఫైలు పని సాకేత్‌కు అప్పగించారు. ఉత్తరం కావాలని సాకేత్ అడిగితే, నేను రెండు పేజీలు నా చేత్తో రాశాను. పిన్ను సంగతి, చెయ్యి సంగతి, నడక సంగతి అన్నీ రాశాను. మార్చి 8, శనివారం, పదకొండు గంటలకు అతను మా ఇంటికి వచ్చి అది చదివాడు. సాకేత్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది, ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. బాగుందన్నాడు కానీ పనికిరాదన్నాడు.

"ఆంటీ, పిన్ను మర్చిపోయాను అని రాస్తే మీ ప్రొఫైల్ డ్యామేజ్ అవుతుంది. వాళ్ళకి స్టోరీ వద్దు, టైటిల్ కావాలి" అన్నాడు.

తను టైపు చేయించి తెచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టాడు. రెండు కాపీలు. అందులో నేను ఆ ప్రదర్శనకు కాస్ట్యూమ్ డైరెక్టర్‌ని. మధులిక ప్రధాన మోడల్. షో మొత్తం ఆమె చుట్టూ రూపొందించాం. మా ఇద్దరికీ వృత్తి సంబంధం తప్ప వేరే పరిచయం లేదు. ఇది చదువుతున్నప్పుడు పైన ఆమె గదిలో హెయిర్ డ్రయ్యరు మోగుతోంది.

చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. చదివాను. నా గురించి రాసిన మొదటి పేరా రెండుసార్లు చదివాను. డైరెక్టర్ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో నన్ను అందరూ శారీ లేడీ అంటారు. మధులిక గురించి రాసినది ఒక్కసారే చదివాను. రెండు కాపీల మీదా సంతకం పెట్టాను.

సాకేత్ వెళ్తూ, ఒక కాపీ తన ఆఫీసుకు పోస్టు చెయ్యమని, రెండోది మధులికకు ఇచ్చి తప్పులుంటే చూసి చెప్పమనమని నాతో అన్నాడు. తను ఆమెకు కాపీ పంపానని, ఆమె చూసి సరేనందని ఇప్పుడు మీకు చెప్తున్నాడట. పంపిన మాట నిజం. ఆమెకు చేరలేదు, అదీ నిజం. నేను ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదో ఆఫీసరు గారికి అర్థం కాలేదు, కాబట్టి వివరంగా చెప్తున్నాను. 1989లో నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు మా హోం సైన్స్ మేడం సిఫారసు ఉత్తరం రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి ఇచ్చారు. ఎవరి గురించి రాశామో వాళ్ళు చదవకూడదు, అది మర్యాద కాదు అన్నారు. మా రోజుల్లో అందరూ అంతే. నేను ఆ కవరు తెరవలేదు. మధులిక గురించిన ఉత్తరమూ అలాగే అంటించాను. ఒక కవరు సాకేత్ ఆఫీసుకు పోస్టులో పంపాను. రెండోది నా చీరల బీరువాలో పెట్టాను. రెండింటి మీదా అడ్డంగా సంతకం, కింద తేదీ.

ఆ సాయంత్రం మధులిక అడిగింది. "లెటర్ల ఏం రాసిన్రు ఆంటీ? ఒక్కసారి చూస్త" అంది. అవన్నీ నువ్వు చూడకూడదమ్మా, మంచే రాశాను అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. పెద్దవాళ్ళు వద్దంటే మళ్ళీ అడిగే పిల్ల కాదు. ఆ రెండో కవరు ఈ రోజు తెచ్చి ఆఫీసరు గారికి ఇచ్చాను. అది ఇప్పటికీ తెరవలేదు. దాన్ని ఈ కేసులో మొదటి వస్తువుగా నమోదు చేశారు.

2025 జూన్ 10, మంగళవారం, ఉదయం 9.30కి లండన్‌లోని అమెరికా ఎంబసీలో ఆమెకు ఇంటర్వ్యూ. రెండు గంటలప్పుడు ఇంటికి వచ్చింది. ఎడిన్‌బర్గ్ షోలో ప్రధాన మోడల్ నువ్వేనా అని అడిగారట. "కాదని చెప్పిన ఆంటీ. ఆఖరుకు పిలిస్తె పోయిన, ఒక్కసారే నడిచిన అన్న. నిజమే గద?" అంది. వాళ్ళు అది రాసుకున్నారట. తర్వాత చెప్తామని పంపేశారట.

ఉత్తరంలో అలా రాశామని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా ఆమె మీదే విసుక్కున్నాను. "అవునంటే అయిపోయేదిగా. అంత సత్యహరిశ్చంద్రుడి మనవరాలివా?" అన్నాను. ఆమె నవ్వింది. నేను జోకు వేశాననుకుంది.

ఆ తర్వాత వారం రోజులు నేను ఏమీ చెయ్యలేదు. ఎంబసీకి రాయలేదు, సాకేత్‌కు ఫోను చెయ్యలేదు. వాళ్ళే మరిచిపోతారులే అనుకున్నాను.

ఇక్కడ ఆఫీసరు గారు నన్ను ఆపారు. సమయం 11.35. ఇక ముందు చెప్పేది నా మీద కేసుకే దారితీయవచ్చని, ఆపెయ్యవచ్చని, లాయరును పిలిపించుకోవచ్చని చెప్పారు. నిర్మలాదేవి గారు అది తెలుగులో మరోసారి చెప్పారు. నాకు అర్థమైంది. లాయరు వద్దన్నాను. మంచినీళ్ళు అడిగాను. మళ్ళీ 11.45కి మొదలుపెట్టాం.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం 2.15కి నా ఫోను మోగింది. నేను అప్పుడు స్లౌ అనే పక్క ఊళ్ళో ఒక పెళ్ళికూతురి పట్టుచీరకు ముందుగా కుచ్చిళ్ళు పెడుతున్నాను. ఎంబసీ నుంచి ఒకావిడ మాట్లాడింది. చాలా మర్యాదగా మాట్లాడింది. ఉత్తరం మీద సంతకం నాదేనా అని అడిగింది. నాదే అన్నాను. ఎడిన్‌బర్గ్ షో గురించి మీరు రాసినదీ ఆ అమ్మాయి చెప్పినదీ వేరుగా ఉన్నాయి, ఆ వివరాలు మీకు ఎవరిచ్చారని అడిగింది.

నిజం చెప్పడానికి నాకు అప్పుడు ఒక్క వాక్యం చాలు. సాకేత్ రాశాడు, నేను తెలిసే సంతకం పెట్టాను. అంతే. కానీ నా పేరు పోతుందని భయమేసింది. డైరెక్టర్ కాదని తేలిపోతుందని భయమేసింది. సెప్టెంబరులో రెండు షోలు ఒప్పుకుని ఉన్నాను.

"ఆ వివరాలు ఆ అమ్మాయే ఇచ్చింది. నమ్మి సంతకం చేశాను" అన్నాను. ఇంగ్లీషులో అన్నాను.

ఆవిడ థాంక్యూ అంది. నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు ఫోనులో ఉంది. నేను మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగు పిన్నులు పెట్టాను. లెక్కపెట్టుకుని మరీ పెట్టాను.

జూన్ 25న మధులికకు ఈమెయిల్ వచ్చింది. వీసా కోసం తప్పుడు సమాచారం ఇచ్చిందని రాశారు. ఇక ఆ దేశం వెళ్ళడం దాదాపు కుదరదని ఆమె లాయరు చెప్పాడట. న్యూయార్క్ ఏజెన్సీ ఆమెను తీసేసింది. ఇక్కడ ఆమె వీసా జనవరి 19తో ముగుస్తుంది. ఇక్కడ ఏ వీసాకు దరఖాస్తు పెట్టినా, మోసం చేశావని మరో దేశం వీసా నిరాకరించిందా అన్న గడి ఉంటుంది. ఆమె అవునని రాయాలి. అవునని రాస్తుంది కూడా. ఆమె అబద్ధం రాయదు.

మధులిక ఆ ఉత్తరం చూడలేదు. అందులో ఏముందో ఆమెకు తెలియదు. ఎడిన్‌బర్గ్ వివరాలు ఆమె నాకు ఇవ్వలేదు. నేను అక్కడే ఉన్నాను, నాకు ఎవరూ ఇవ్వనక్కర్లేదు. నా తప్పును ఆ రోజు ఆమె అంతమంది ముందు తన చేత్తో పట్టుకుంది. నేను నా తప్పు తీసి ఆమె నెత్తిన పెట్టాను. ఎంబసీ ఆవిడతో నేను అన్న మాట అబద్ధం. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. మా ఆయనకు కూడా ఈ సంగతి నిన్న రాత్రే చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు.

నేను ఎంబసీతో అన్న మాట మధులికకు ఇంకా తెలియదు. ఇదంతా సాకేత్ చేశాడనుకుంటోంది. జూలైలో గది ఖాళీ చేసి మాంచెస్టర్ వెళ్ళిపోయింది. అక్కడ ఒక ఫార్మసీ కౌంటరులో చేస్తోంది. ప్రతి ఆదివారం పదింటికి నాకు ఫోను చేస్తుంది. నా మోకాలి నొప్పి గురించి అడుగుతుంది. జీపీ డాక్టరు దగ్గరకు వెళ్ళారా ఆంటీ అని కోప్పడుతుంది. నేను తన కోసం చాలా శ్రమపడ్డానని పోయిన ఆదివారం కూడా అంది.

ఈ వాంగ్మూలం కాపీ ఆమె లాయరుకు వెళ్తుందని, అది ఆమె అప్పీలుకు పనికొస్తుందని ఆఫీసరు గారు చెప్పారు. వెళ్ళనివ్వండి. దానికంటే ముందు నేను ఒక్కసారి ఆమెకు ఫోను చేసి నా నోటితో చెప్పుకోవచ్చా అని అడిగాను. వీల్లేదన్నారు. ఆమె కూడా ఈ కేసులో సాక్షి కాబట్టి విచారణ అయ్యేదాకా ఆమెతో ఏమీ మాట్లాడకూడదట. ఆదివారం ఆమె ఫోను చేస్తే ఎత్తకూడదట. సరేనన్నాను. చట్టం ఈ రోజు అడ్డొచ్చింది. జూన్ నుంచి అయిదు నెలలు ఏ అడ్డూ లేదు. ఆమె ఫోను చేసిన ప్రతిసారీ నేను మోకాలి గురించే మాట్లాడాను.

పైన రాసినదంతా నిర్మలాదేవి గారు నాకు నిదానంగా చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక్క చోట కూడా దిద్దించలేదు. ఇది నాకు తెలిసినంతవరకు నిజం. ఇందులో తెలిసి అబద్ధం చెప్పి ఉంటే శిక్షకు ఒప్పుకుంటాను. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ, నా గురించి ఉన్నదీ మధులిక గురించి ఉన్నదీ, రెండేసిసార్లు చదివాను.

(సంతకం) తుమ్మల కనకదుర్గ
2025 నవంబరు 13, మధ్యాహ్నం 1.05