గాలికి బెదరని మొక్కలు

నర్సరీ ఆయన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఎదుటివాళ్ళ టీ చల్లారాల్సిందే. ఆ పొద్దున ఆయన గొంతు ఇంకాస్త లేచింది. సముద్రానికి ఎదురుగా ఇల్లు కొన్న టీచరమ్మ అక్కడే ఉంది మరి. రెండుసార్లు నిలువెత్తు మొక్కలు తెచ్చి నాటితే ఉప్పుగాలికి మాడిపోయాయని ఆవిడ విసిగిపోయి ఉంది. ఆ తోట పని ఎలాగైనా తనకే దక్కాలని ఆయన ఆశ.

"ఈ మాత్రం గాలికే భయపడితే ఎలాగమ్మా? లైట్‌హౌస్ పక్క బంగళాకి తోట వేసింది నేనే. ముందు వరసలో మొగలి, వెనక సరుగుడు, ఆ వెనక మీ ఇష్టం. ఏడాది తిరిగేసరికి లోపల అగ్గిపుల్ల గీస్తే ఆరేది కాదు."

"అయ్యుంటుందిలే," అన్నాడు టీ కొట్టు బాబాయి గ్లాసులు కడుగుతూ.

"ఆగు బాబాయ్, అసలు సంగతి ఇప్పుడే మొదలు. రెండో ఏడు సరుగుళ్ళు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే, గాలి వచ్చి గుద్దుకుని వెనక్కి తిరిగిపోయేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరంతటా ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరలేదు. ఆడవాళ్ళంతా నా మీద పడ్డారు."

"మా ఇంట్లో ఆరాయే!" అన్నాడు పక్కన టీ తాగుతున్న టైలరు.

"మీది చివరి వీధి కదా, ఏ సందులోంచో గాలి దూరుంటుంది. మధ్యలో అడ్డు రాకు. ఇంతలో పడవలవాళ్ళు తెరచాపలు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చేశారు. 'అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాం, గాలి లేక వారం నుంచీ పడవలు నడిసముద్రంలో ఆగిపోయాయి' అని ఒకటే ఏడుపు."

"నడిసముద్రం నుంచి ఎలా వచ్చార్రా?"

"నడిచి! గాలి లేకపోతే అలెక్కడిది బాబాయ్? నీళ్ళు గచ్చులా గట్టిపడిపోయాయి. జాలేసి ఒక్క కొమ్మ నరికాను. ఆ కంతలోంచి దూరిన గాలికే పడవలన్నీ పూటలో ఒడ్డు చేరాయి."

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. "'గాలికి బెదరని మొక్కలు' అని రాసిన బోర్డు మీ నర్సరీదేనా?"

"మరింకెవరిదమ్మా! గేటుకి నా చేత్తో నేనే బిగించాను."

"నిన్న సాయంత్రం గాలికి ఎగిరొచ్చి మా పెరట్లో గన్నేరు మొక్క మీద పడింది. రెండు ముక్కలైంది."

"అయ్యో, గన్నేరా?"

"బోర్డు. గన్నేరుకేం కాలేదు. మూరెడు మొక్కయితేనే గాలికి అలవాటు పడి నిలుస్తుందని చెప్పి మీ ఆవిడ ఇచ్చింది. మా ఇంట్లో బతికింది అదొక్కటే."

నర్సరీ ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "చెప్పలేదూ, మా మొక్కంటే మొక్కే! రేపే పనిలోకి దిగుతానమ్మా."

"మీరొద్దు, మీ ఆవిడ్ని పంపండి," అంటూ టీచరమ్మ లేచింది. "మీరు గాలి తగ్గాక రండి, బోర్డు తీసుకెళ్దురుగాని."