నిలబడి మౌనం వద్దు

హలో… ఔ, నేనే, రాజేందర్‌ని. చెప్పండి వామన్‌రావు గారూ…

ఫొటో కింద ఏ తారీఖు రాయాల్నా? జూన్ తొమ్మిది రాయండి…

తెలుసు, సునంద పోయి రేపటికి ఏడాది. అయినా పోయిన రోజు వద్దు. జూన్ తొమ్మిదిన మిరపకాయ బజ్జీలు తిన్నం. ఆబిడ్స్‌ల మీ బట్టల షాపుల ఆడపిల్లలకు మొదటిసారి స్టూళ్లు వేసిన రోజది. సునంద గన్‌ఫౌండ్రీ మూల మీద బజ్జీలు కట్టించుకొచ్చింది. పిల్లలందరు కూచొని తిన్నరు…

ఔ, మీ నాయన చాయ్ పంపిండు. కొట్లాడినోళ్లకే చాయ్ పోసిండని చాలాసార్లు చెప్పుకునేది…

రేపు షాపుల సభ… పూలదండ… భర్తనని నాకు శాలువా… సంతోషం. మరి పిల్లలు?…

వరుసగ నిలబడి రెండు నిమిషాలు మౌనమా?

వద్దు.

కోపం కాదండి. అంతట అట్లనే చేస్తరు. కాలేజీల పాఠాలు చెప్పినోణ్ణి, అసుంటి సభలు చాన చూసిన. కానీ ఆమె యూనియన్ పెట్టి బతుకంత కొట్లాడిందే ఆ పిల్లలు కూచోడానికి. ఆమె ఫొటో ముందటనే నిలబెడతరా?

స్టూళ్లు ఏవి?…

టైల్స్ కోసమని తీసి, వేసినంక మళ్ల తెస్తమంటిరి. వేసి నెలాయె. అద్దం లెక్క మెరుస్తున్నయట. స్టూళ్లు మాత్రం గోడౌన్‌లనే…

కస్టమర్లకు బాగనిపించదా? మొన్న వైశాలి కౌంటర్ కాడ కళ్లు తిరిగి పడ్డది. ఆరో నెల ఆ పిల్లకు. చీరలు చూడొచ్చిన ఒకామె తన కుర్చీల కూచోబెట్టి, తన సీసల నీళ్లు తాపిందట. కస్టమర్లు అసుంటోళ్లు, వామన్‌రావు గారూ…

నాకెవరు చెప్పిన్రా? మీ దగ్గర చీరలమ్మే భాగ్య. ఇప్పుడు యూనియన్ సెక్రటరీ ఆమెనే. నా ముందటనే ఉంది. పేరు దాచుకునుడు సునంద నేర్పలే…

భాగ్యను నౌకరిల నుంచి తీసేస్తరా?… సునందను గూడ తీసేసిన్రు గద. తెల్లారి వచ్చి మీ షాపు మెట్ల మీద కూచుంది. వాన పడ్డా లేవలే. లోపలి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూచున్నరు. ఆ తర్వాతనే స్టూళ్లు వచ్చినయి…

లేదు, మరిచిపోలే. ఆమె దవాఖానల ఉన్నప్పుడు రోజు కారు పంపిన్రు. మీ డ్రైవర్ గుంతల కాడ ఎంత మెల్లగ నడిపెటోడో. ఆ మేలుకు దండం పెడుత. కానీ దానికి బదులు స్టూళ్లు వదులుకోమంటే… అవి వదులుకోనీకి నావి కావు.

నా ఆఖరి మాటా? సరే. రేపు స్టూళ్లుంటే పిల్లలు వాటి మీద కూచొని మౌనం పాటిస్తరు. లేకుంటే మీ కొత్త టైల్స్ మీద కూచుంటరు. నేను గూడ. మోకాళ్ల నొప్పి మనిషిని, లేవనీకి జర ఎక్కువ సేపే పడుతది…

పోలీసులను పిలుస్తరా? పిలవండి. వాళ్లను గూడ కూచోమంట. పొద్దంత నిలబడే నౌకరే, పాపం…

కారు వద్దు. నాంపల్లి నుంచి నడుచుకుంటనే వస్త.

హలో?… హలో…

పెట్టేసిండు, భాగ్యా.

భయమైతుందా?… నాకు గూడ. అందరికంటే ముందు నేనే కూచుంట, సరేనా?

ఇగ పో బిడ్డా, చీకటి పడ్డది. తలుపు నేను వేసుకుంట… మెల్లగనే. పక్కింటి పసిపాప ఇప్పుడే పడుకుంది.