ఎనిమిది స్పీకర్ పెట్టెల తొడుగు కోసింది నేనే

పేరు, చిరునామా పై కాగితంలో ఇచ్చాను. వయసు ఇరవై మూడు. డిగ్రీ చదివాను. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. బేస్ గిటార్లు, స్పీకర్ పెట్టెలు తయారుచేసే వర్క్‌షాపులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. గిటారుకు ఏ రంగు, ఏ పాలిష్, పెట్టెకు ఏ తొడుగు వెయ్యాలో కొనేవాళ్లకు నమూనాలు చూపించి ఖాయం చేయించడం, దాన్ని ఆర్డరు కాగితం మీద రాయడం నా పని.

ఈ రోజు ఉదయం పావుతక్కువ పదికి వర్క్‌షాపు ముందు గదిలో ఎనిమిది స్పీకర్ పెట్టెల తొడుగును కత్తితో కోసింది నేనే. ఒక్కో పెట్టెకు ఒక్కటే కోత, హ్యాండిల్ పక్కన, జానెడు పొడవు. ఓనరు ఇచ్చిన ఫిర్యాదులో "ధ్వంసం చేసింది" అని ఉంది. ఆ మాట తప్పు. లోపలి చెక్క కనిపించేంత మేరకే కోశాను.

ఎందుకు కోశానో చెప్పాలంటే ముందు గిటార్ల సంగతి చెప్పాలి. గిటారు చెక్క చారలు బాగుంటే మేము రంగు వెయ్యం, తేటగా వార్నిష్ కొడతాం. చెక్కలో అతుకో పుట్టీనో ఉంటే నలుపు గానీ ఎరుపు గానీ దట్టంగా కొడతాం. ఇది అందరూ చేసేదే. రంగు కింద పుట్టీ ఉన్నంత మాత్రాన గిటారు ఎవరి కాలూ విరగ్గొట్టదు. పెట్టెల విషయంలోనూ నేను అలాగే ఆలోచించాను.

పోయిన నెల గోడౌను కప్పు కారి ప్లైవుడ్ తడిసింది. అంచులు ఉబ్బాయి, పొరలు విడిపోయాయి. దాన్ని ఎండబెట్టి మిగతా చెక్కతో కలిపి పన్నెండు పెట్టెలు చేయించారు. ఓనరు నన్ను పిలిచి, "అమ్మాయ్, నీకు ఇలాంటివి బాగా తెలుసు కదా. ఈ అంచులు కనబడకుండా ఏం వేద్దాం?" అన్నారు. నేను వేలితో తడిమి చూశాను. "గుడ్డ వేస్తే ప్రతి ఎగుడుదిగుడూ తేలుతుంది సార్. గరుకు నల్ల రెక్సిన్ వేసి, మూలలకు ఇనుప కార్నర్లు కొడితే ఏమీ తెలియదు" అన్నాను. "అందుకే చదువుకున్న పిల్ల ఉండాలనేది" అన్నారు. నేను సంతోషించాను. ఈ మాట కూడా రాయండి. నేను సంతోషించాను.

పెట్టెలు ఒక స్కూలుకి. వాళ్ల సంగీతం టీచరు వచ్చి బూడిదరంగు గుడ్డ అడిగారు. "గుడ్డయితే పిల్లల చేతులు పడి మాసిపోతుంది మేడమ్" అని ఆవిడ మనసు మార్చింది నేను. ఆర్డరు కాగితంలో "కొనేవారి కోరిక మేరకు నల్ల రెక్సిన్" అని రాసింది నేను. అది నా దస్తూరీయే.

నిన్న మధ్యాహ్నం మూడు పెట్టెలు స్కూలుకి వెళ్లాయి. ఈ రోజు ఉదయం తొమ్మిది దాటి ఐదు నిమిషాలకు నాలుగోది వ్యానులోకి ఎక్కిస్తున్నారు. ఒక పక్క డ్రైవరు, ఇంకో పక్క మా బాబాయి. బాబాయి మా పిన్ని భర్త. అక్కడ లోడింగ్ పని చేస్తారు. నన్ను అక్కడ చేర్పించింది ఆయనే. సగం ఎత్తాక హ్యాండిల్ ఊడి వచ్చేసింది. పెట్టె యాభై కిలోల పైమాటే. బాబాయి కుడి కాలి మీద పడింది. నేను వెళ్లేసరికి హ్యాండిల్ ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. నాలుగు స్క్రూలూ దానికే ఉన్నాయి. స్క్రూలకు అంటుకున్న చెక్క నానిన బిస్కెట్టులా ఉంది.

ఓనరు వచ్చి, "ఏమయ్యా, చెయ్యి జారిందా? చూసుకుని ఎత్తొద్దూ?" అన్నాడు.

"జారితే ఇది నా చేతిలో ఎందుకుంటుంది సార్? ఇదిగో, మీరే ఉంచుకోండి" అని బాబాయి హ్యాండిల్ అందించబోయారు. ఓనరు తీసుకోలేదు. తొమ్మిదిన్నరకు అంబులెన్సు వచ్చింది. నేను కూడా వెళ్లాల్సింది. వెళ్లలేదు, ఎందుకంటే మిగతా ఎనిమిదీ పదకొండింటికల్లా ఎక్కించమని ఓనరు అప్పుడే డ్రైవరుతో చెబుతున్నాడు.

నేను అడ్డం వెళ్లాను. "ఇవి స్టేజీ పైన గొలుసులతో వేలాడదీసేవి సార్. ఆ కొక్కేలు కూడా ఈ చెక్కకే బిగించాం. కింద పిల్లలు నిలబడి పాడతారు" అన్నాను.

"వేలాడదీసేది మనమా? వాళ్ల మనుషులు. పడితే వాళ్ల బిగింపుది తప్పు. నువ్వు నీ రంగులు చూసుకో" అన్నాడు. నేను కదలకపోతే, "అసలు రెక్సిన్ వెయ్యమని చెప్పింది ఎవరు?" అని అందరికీ వినబడేలా అడిగాడు.

"నేనే" అన్నాను. రెక్సిన్ కోసే కత్తి బల్ల మీదే ఉంది. తీసుకుని కోశాను. "నాలుగు ముక్కలు రాగానే నెత్తికెక్కింది దీనికి, పట్టుకోండ్రా" అని అరిచాడు. ఎవరూ పట్టుకోలేదు. ఎనిమిదింట్లో ఆరింటికి చెక్క వేలితో గీకితే రాలింది. రెండు గట్టిగానే ఉన్నాయి. ఆ రెండూ కొయ్యక్కర్లేదు, కానీ పైనుంచి చూస్తే తెలియదు. అలా తెలియకుండా ఉండాలనే కదా నేను రెక్సిన్ ఎంచింది.

తర్వాత టీచరుకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. పదకొండింబావుకు నన్ను స్టేషనుకు తెచ్చి ఫోను తీసుకున్నారు. ఇక్కడ మొదట అడిగింది కత్తి ఎవరిదని. రెండోది, పెళ్లయిందా అని. నిన్న వెళ్లిన మూడు పెట్టెలు ఈపాటికి స్టేజీ పైన వేలాడుతుంటాయని నేను పదకొండిన్నరకు చెప్పాను. పన్నెండుకు చెప్పాను. ఒంటిగంటకు చెప్పాను. ముందు వాంగ్మూలం పూర్తి కానివ్వమన్నారు. మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ పాటల క్లాసు.

ఒంటిగంటా నలభైకి సంతకం పెట్టమని కాగితాలు నా ముందు పెట్టారు. స్కూలుకి ఫోను చేసేదాకా పెట్టనన్నాను. ఎనిమిది నిమిషాల తర్వాత అధికారి ఫోను చేశారు. పెట్టెలు దించేదాకా హాలుకు తాళం వెయ్యమన్నారు. అవతల ఒక ఆడగొంతు, "ఎందుకండీ, చూడ్డానికి ఎంత బాగున్నాయో!" అనడం నాకు వినబడింది.

ఇది నేను చెప్పిందే, ఫోను సంగతి చివర్లో కలిపించాను. ప్రతి పేజీ నేనే చదివాను. రెండో పేజీలో "ఆవేశంలో" అన్న మాట నాది కాదు, కొట్టివేయించాను. మిగిలినదంతా నిజం.

(సంతకం)
మధ్యాహ్నం 1.55