గోపి చెప్పిన గాలి సంగతి

అవనిగడ్డలో శ్యామ్ సుందర్ కంప్యూటర్ల కొట్టు. బల్ల మీద మూత విప్పిన పెట్టె. ఎదురుగా హంసలదీవి పున్నారావు.

"దీన్ని ఇంతకు ముందు ఎవరు విప్పారు మావయ్యా?"

"ఎవరో విప్పారు."

"ఎవరో అంటే?"

"బందర్లో ఒకాయన. లోపల ఏమీ మిగల్లేదు, కొత్తది కొనుక్కోమన్నాడు. తర్వాత గుడివాడలో ఇంకొకాయన. వానాకాలం అంతా అట్టిపెట్టుకుని, రేపు రా ఎల్లుండి రా అని తిప్పాడు. ఆఖరికి దీని మీద నీళ్లు పోశారా అని నన్నే అడిగాడు."

"మరలు సగం లేవు. సరే, పోనివ్వండి. మంచి మాట చెబుతాను. మీ అబ్బాయి గోపి మాట్లాడి పెట్టినవన్నీ లోపల ఉన్నాయి. ఏదీ పోలేదు."

"అన్నీనా?"

"అన్నీ. ఏం, అట్టా అడిగారు?"

"ఊరికే."

"అందరూ వెబ్‌సైట్లు ఎక్కడో పెద్ద కంపెనీల దగ్గర అద్దెకి పెట్టుకుంటారు. మీవాడు ఇంట్లో ఈ పెట్టెలోనే పెట్టి నడిపాడు. అందుకే ఇది ఆగిన రోజున సైటూ ఆగింది. పిడుగు పడిందన్నారు కదా?"

"మా ఇంటి ముందు కరెంటు స్తంభం మీద పడిందంట. మేం అప్పుడు సముద్రం మీద ఉన్నాం."

"మేం అంటే, గోపీ మీరూ..."

"వాడు పోయింది ఆ రోజే."

"నాకు తెలీదు మావయ్యా. ఏమనుకోకండి. మా చర్చిలో రత్నరాజు చెబుతుంటాడు. గోపి గొంతు వింటే గాని చాలామంది పడవ తీసేవాళ్లు కాదంట. గాలి ఎటు తిరిగింది, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక ఎక్కడ మేటేసింది, అంతా నోటితో చెప్పి పెట్టేవాడంట. చదువు రానోళ్లూ వినేటట్టు."

"చెప్పేవాడు."

"మీరు వినేవాళ్లు కాదా?"

"నా పెద్దకొడుకు మాటలు నేను ఫోనులో వినేదేంది. ఇంట్లోనే ఉండేవాడుగా."

"అదీ నిజమే. మరి ఇప్పుడు ఇన్ని ఊళ్లు తిరిగారంటే..."

"కోడలు పట్టుబట్టింది. సాయిదుర్గ. ఆయన గొంతు వినాలి మావయ్యా, ఎట్టాగైనా బాగుచేయించు అంది. రోజూ అదే మాట. అన్నం పెడతా అడుగుతుంది, నీళ్లు ఇస్తా అడుగుతుంది. ఈ సాయంత్రం ఇక్కడికే వస్తానంది."

"అయితే ఈలోపే అయిపోవాలి. ఒక్కటే చిక్కు. గోపి దీనికి తాళం పెట్టుకున్నాడు. తెరవాలంటే అతని ఫోనుకి ఓటీపీ వెళ్తుంది. కొన్ని అంకెలు. అవి ఇక్కడ కొట్టాలి. ఆ సిమ్ము ఉందా?"

"లేదు."

"అతనితోనే పోయిందా?"

"ఆ పొద్దున ఫోను ఇంట్లోనే పెట్టి వచ్చాడు. సిమ్ము పనిచెయ్యట్లేదు. ఆపేశాం."

"రీచార్జి ఆపేస్తే కొన్నాళ్లకి ఆ నంబరు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఎందుకు ఆపారు?"

"ఆపేశాం అన్నాను కదా."

"సరే. నంబరు చెప్పండి. ఎవరి దగ్గరుందో అడిగి చూద్దాం. స్పీకర్లో పెడతాను."

"హలో, ఎవరండీ?"

"నమస్తే అమ్మా. అవనిగడ్డ నుంచి మాట్లాడుతున్నాను, నా పేరు శ్యామ్ సుందర్. ఇప్పుడు మీ ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది, అది కాస్త..."

"పెట్టెయ్యండి."

"ఒక్క మాట వినండమ్మా."

"ఎవరికి ఫోన్ చేసినా ముందు అదే కదండీ వినిపిస్తున్నారు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని. నేను టీచర్ని. పిల్లలకి నేనే చెబుతాను. పని చేసుకుని బతకలేరా మీరు?"

"పెట్టేసింది మావయ్యా. ఆమె తప్పేం లేదు. నేనైనా అదే చేస్తాను."

"మళ్లీ చెయ్యి."

"పోలీసులకి చెబుతుంది."

"చెప్పనీ. ఈసారి నేను మాట్లాడతా."

"మళ్లీ మీరేనా?"

"కాదమ్మా. నా పేరు పున్నారావు. మాది హంసలదీవి. చేపల వేటకెళ్లేవాళ్లం."

"మీకూ ఓటీపీయేనా కావాల్సింది?"

"అదేంటో నాకు తెలీదు. ఇప్పుడు నీ దగ్గరున్న నంబరు ఇంతకు ముందు నా కొడుకుది."

"గోపీనా?"

"నీకెట్టా తెలుసు?"

"ఈ సిమ్ము తీసుకున్న కొత్తలో ఒకటే ఫోన్లండీ. తెల్లారకుండానే. గోపీ, ఇవాళ గాలి ఎట్టా ఉంది అని. రాంగ్ నంబరంటే వినరు. ఒకాయన్ని గట్టిగా తిట్టాను కూడా. మీ అబ్బాయి నంబరు మార్చుకుంటే వాళ్లకి చెప్పుకోవాలి కదండీ."

"మార్చుకోలేదు. పోయినేడు సముద్రంలో పోయాడు. ఆ పడవలో నేనూ ఉన్నాను. నేను మిగిలాను."

"నేను... నాకు ఎవరూ చెప్పలేదండీ."

"చెప్పరు. ఫోన్ చేసిన పై ఊళ్లవాళ్లకీ తెలిసుండదు. ఆ సిమ్ముకి డబ్బులు కట్టమని నా కోడలు అడిగింది. అందులో ఆయన్ని అడుగుతా జనం ఫోన్లొస్తాయి, ఉండనీ మావయ్యా అంది. లేనోడి ఫోనుకి రీచార్జి దేనికన్నాను. ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు. అట్టా నీ దాకా వచ్చింది."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"వాడి గొంతు ఇక్కడ పెట్టెలో ఉంది. నీకొచ్చే అంకెలతో తెరుచుకుంటుందంట. నమ్మితే చెప్పు. నమ్మకపోతే నిన్ను తప్పు పట్టను. ఉన్నావా అమ్మా?"

"ఉన్నానండీ. మీరు చెప్పేది అబద్ధమైతే నా ఖర్మ. పంపించమనండి."

"పంపాను మేడం."

"వచ్చింది. నాలుగు, సున్నా, ఏడు. మళ్లీ ఏడు, రెండు, తొమ్మిది."

"చాలా థ్యాంక్సండీ. మీ పేరు?"

"రూతు. ఆ పెద్దాయనకి చెప్పండి, గోపి కోసం ఫోన్ చేసినాయన్ని తెలియక తిట్టానని."

"తెరుచుకుంది మావయ్యా. ఇదిగో, రోజుకొకటి చొప్పున ఎన్ని ఉన్నాయో చూడండి. సాయిదుర్గ గారికి ఫోన్ చేసి చెప్పెయ్యనా?"

"ఆగు. ముందు ఒకటి తీసెయ్యాలి."

"తీసెయ్యడమా? బతికించమని కదా తెచ్చారు."

"మిగతావన్నీ ఉంచు. చిట్టచివరిది తీసెయ్యి. ఆ పొద్దున పెట్టింది."

"ఆ పొద్దున కూడా పెట్టాడా?"

"పెట్టాడు. నేను వల సర్దుకుంటున్నాను, వాడు మా ఇంటి పాకలో కూర్చుని ఫోనులోకి చెబుతున్నాడు. ఏం చెప్పాడో నేను వినలా. కాసేపటికే పిడుగు పడి పెట్టె ఆగిపోయిందంట, ఊళ్లో ఎవరూ వినలేదు."

"ఎవరూ విననిది తీసెయ్యడం దేనికి?"

"వెళ్లొద్దని చెప్పుంటాడు."

"మీకెట్టా తెలుసు?"

"అంత గాలి వస్తదని వాడికి తెలియకుండా ఉంటుందా? వాడి గొంతు వినబడక ఆ రోజు మా రేవులో ఒక్క పడవ కదల్లేదు, నాది తప్ప. నాకు మనిషి తక్కువై వాణ్ణి రమ్మన్నాను. అందరికీ వద్దని చెప్పి, నా మాట తీసెయ్యలేక తను ఎక్కి ఉంటాడు. అది సాయిదుర్గ వింటే... ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు బాబూ ఆ పిల్ల. మావయ్యా అనే పిలుస్తోంది."

"అది ఆమె మొగుడి ఆఖరి మాట."

"తెలుసు."

"ఇందాక ఆ టీచరమ్మ మీ మొహం చూడకుండా మిమ్మల్ని నమ్మింది. గొంతు వినడానికని చెప్పాం ఆవిడకి."

"మిగతావి వింటుందిగా."

"నా చేత్తో తీసెయ్యలేను మావయ్యా. కనీసం మీరొకసారి వినండి. విన్నాక కూడా వద్దంటే అప్పుడు తీస్తాను."

"నేను వినను."

"అయితే నేను తియ్యను."

"ఇప్పుడు టైమెంతయింది?"

"ఆమె వచ్చే టైమవుతోంది."

"పెట్టు. సన్నగా పెట్టు."

"అన్నలకీ మావయ్యలకీ నమస్కారం, నేను గోపీని. ఫోనులో చూస్తే ఇవాళ గాలి గట్టిగా ఉంటుందని చూపిస్తోంది. ఎవరూ వెళ్లొద్దనే చెబుదామనుకున్నా. ఇందాక మా నాన్నని అడిగితే మబ్బు చూసి, ఏం పర్లేదు, వెళ్లొచ్చు అన్నాడు. ఈ ఫోనులు ఏం చెప్పినా మా నాన్నకి తెలిసినంత వీటికి తెలీదు. నేనూ ఆయన పడవలోనే వెళ్తున్నా. భయం లేదు, మీరూ రండి."